బ్లూస్ సంగీతం: రాజకీయ, సాంస్కృతిక చరిత్ర

బ్లూస్ అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బానిసత్వం రద్దయ్యాక పుట్టిన పాట. పాడినవాళ్ళు నల్లజాతి కూలీలు, కౌలుదారులు, ఊరూరా తిరిగే వాయిద్యగాళ్ళు. 19వ శతాబ్దం చివర ఒక రూపానికి వచ్చింది. 1910ల్లో అచ్చుకెక్కింది, 1920లో నల్లజాతి గొంతుతో గ్రామఫోను రికార్డుకెక్కింది. జాజ్, సోల్, రాక్ అండ్ రోల్ అన్నీ దీనికి బాకీ పడ్డవే. ఆంగ్లంలో నీలం రంగు దిగులుకు గుర్తు, పేరు అలా వచ్చింది. పేరు చూసి దీన్ని ఏడుపు పాట అనుకుంటే సగం చేజారినట్టే. దిగులు ఎంత ఉందో ఎకసెక్కమూ అంతే ఉంది. సరసం, బడాయి, దెప్పిపొడుపు, తిట్టు దేనికీ లోటు లేదు.

మామూలు బ్లూస్ చరణానికి మూడు పాదాలు. మొదటి పాదం పాడతారు, దాన్నే ఇంచుమించుగా మళ్ళీ పాడతారు, మూడో పాదంలో ముడి విప్పుతారు. తాళం లెక్కలో ఇది 12 బార్లు. పాదం ముగిశాక మిగిలే ఖాళీలో గిటారో మౌతార్గానో బదులు చెబుతుంది. ఒకరు పిలిస్తే గుంపు పలకడం పశ్చిమాఫ్రికా పద్ధతి. గుంపు లేనిచోట ఆ పని వాయిద్యం చేసింది. మూడో స్వరాన్నీ ఏడో స్వరాన్నీ ఉన్నచోటు నుంచి కొంచెం కిందికి వంచి పాడతారు. గమకాలకు అలవాటుపడిన చెవికి ఇందులో వింత లేదు, పియానో మెట్లలో మాత్రం ఇది ఇమడదు.

పాటకూ ప్రభుత్వానికీ లంకె బ్లూస్ కన్నా పాతది. 1739లో దక్షిణ కరొలైనాలోని స్టోనో దగ్గర బానిసలు డప్పులు కొడుతూ తిరగబడ్డారు. మరుసటి ఏడాది వచ్చిన చట్టం వాళ్ళ చేతుల్లోంచి డప్పులు లాగేసుకుంది. లయ మాత్రం చప్పట్లలోకీ, అడుగుల చప్పుడులోకీ, గొంతులోకీ మారింది. తరువాతి కాలంలో పేద పిల్లలు చీపురు కట్టిన తీగ ఊడదీసి, ఇంటి గోడకు బిగించి, కింద ఓ సీసా దూర్చి వాయించుకునేవారు. మిసిసిపీ గిటారు వాద్యకారులు చాలామంది చేయి తిరిగింది ఈ ఒంటితీగ మీదే.

విడుదల తరువాతి వెట్టి

1865లో 13వ రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది, నేరానికి పడే శిక్షను మినహాయించి. ఆ మినహాయింపులోంచే ఖైదీలను గనులకూ రైలు కట్టలకూ అద్దెకిచ్చే పద్ధతి దూరింది. 1877లో కేంద్ర సైన్యం దక్షిణాదిలో కాపలా మానుకుంది. 1890 నాటి మిసిసిపీ రాష్ట్ర రాజ్యాంగం ఓటుకు పన్నునూ చదువు పరీక్షనూ అడ్డం పెట్టి నల్లవారి ఓటును దాదాపు తుడిచేసింది. రైళ్ళలో తెల్లవారికీ నల్లవారికీ వేర్వేరు పెట్టెలుండటం న్యాయమేనని 1896లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బ్లూస్ రూపం కట్టుకుంటున్న సంవత్సరాలు సరిగ్గా ఇవే.

భూమి దొరది. విత్తనం, కంచరగాడిద, తిండిగింజలు కూడా దొర కొట్లో అప్పుకు తెచ్చుకున్నవే. పంటలో సగం కోరు పోగా మిగిలిన దాంట్లోంచి అప్పు తీరాలి. లెక్క చూసేది ఏడాది చివర, పద్దు పుస్తకం ఉండేది దొర దగ్గర, చాలామంది కౌలుదారులకు చదువు రాదు. అప్పు మరుసటి ఏటికి బదిలీ అయ్యేది. దీన్ని వెట్టి అనడానికి తెలుగు పాఠకుడికి వివరణ అక్కర్లేదు.

అయినా విడుదల వల్ల ఏమీ మారలేదనడం కుదరదు. ఏంజెలా డేవిస్ 1998లో రాసిన ‘బ్లూస్ లెగసీస్ అండ్ బ్లాక్ ఫెమినిజమ్’లో ఈ మార్పును స్పష్టంగా చూపించింది. ఆర్థికంగా పెద్దగా చేతికందకపోయినా, కాలినడకనైనా ఊరు దాటి వెళ్ళగలగడం, చదువుకోగలగడం, తోడును తనకు తానుగా ఎంచుకోగలగడం కొత్తగా వచ్చాయి. బ్లూస్ పాటల్లో రైళ్ళూ, బాటలూ, వదిలేసిన ప్రియులూ అన్నిసార్లు కనిపించేది అందుకే. బానిస కాలపు భక్తి గీతాల్లో ఎక్కువగా గుంపు మాట్లాడుతుంది. బ్లూస్‌లో మాట్లాడేది ఒక్క మనిషి, తన పేరుతో, తన ఊరి పేరుతో.

ఆ మనిషి దొరను పేరు పెట్టి తిట్టలేడు. తెల్లవాడి ముందు పాడే పాట ఒకటి, తమలో తాము పాడుకునే పాట ఇంకొకటి. కసురుకునే ప్రియురాలు, మాట తప్పిన యజమాని, మొండి కంచరగాడిద ఒకరి చోట ఒకరు నిలబడగల పాత్రలు. మోసగత్తె కనబడిన ప్రతిచోటా దొర నక్కి ఉన్నాడనుకోవడం మాత్రం అతి. చాలా పాటల్లో ప్రియురాలు ప్రియురాలే.

ఈ జాగ్రత్త ఎంత దాకా పోయిందో ఒక రికార్డు చెబుతుంది. 1940ల చివర జానపద పరిశోధకుడు ఆలన్ లోమాక్స్ న్యూయార్క్‌లో బిగ్ బిల్ బ్రూన్‌జీ, మెంఫిస్ స్లిమ్, సనీ బాయ్ విలియమ్సన్‌లను కూర్చోబెట్టి కరకట్ట పనుల శిబిరాల గురించి, అక్కడి కొట్టడాల గురించి, చంపడాల గురించి మాట్లాడించాడు. తమ మాటలు తిరిగి వింటూనే ముగ్గురూ బెదిరిపోయారు. దక్షిణాదిలో ఉన్న బంధువుల మీద పగ తీర్చుకుంటారని వాళ్ళ భయం. ‘బ్లూస్ ఇన్ ద మిసిసిపీ నైట్’ పేరుతో 1950ల చివర అది మారుపేర్లతోనే వచ్చింది. అసలు పేర్లు బయటపడింది 1990లో. అప్పటికి ముగ్గురూ లేరు.

సన్‌ఫ్లవర్ కౌంటీ

బ్లూస్ భూగోళం గురించి మాట్లాడేటప్పుడు ‘మిసిసిపీ డెల్టా’ అన్న మాట ముందుకొస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాలు ఎరిగినవారు ఇక్కడ ఒకటి గమనించాలి: ఇది నది సముద్రంలో కలిసే చోటు కాదు. మిసిసిపీ, యాజూ నదుల మధ్య ఒకప్పుడు తరచూ వరద ముంచిన ఒండ్రునేల పల్లపు ప్రాంతం. అడవి కొట్టి, కరకట్టలు పోసి, పత్తి వేశారు. అందులో ఒక్క సన్‌ఫ్లవర్ కౌంటీని చూస్తే చాలు, పాటా అధికారమూ ఎంత దగ్గరగా కాపురమున్నాయో తెలుస్తుంది.

1895లో మొదలైన డాకరీ ప్లాంటేషన్ ఈ కౌంటీలోనే ఉంది. డెల్టా బ్లూస్‌కు తొలి పెద్ద గాయకుడనదగిన చార్లీ ప్యాటన్ ఇక్కడే పెరిగాడు. గిటారును వీపు వెనక పెట్టి వాయించేవాడు, దాని పెట్టె మీద డప్పులా కొట్టేవాడు. అతని దగ్గర నేర్చుకున్నవారిలో హౌలిన్ ఉల్ఫ్ ఒకడు. డాకరీలోనే పెరిగి ప్యాటన్ గిటారు విన్న పాప్స్ స్టేపుల్స్ తరువాత ఆ వాయిద్యాన్ని చర్చి పాటలోకి తీసుకుపోయి, 1960ల్లో తన పిల్లలతో కలిసి మార్టిన్ లూథర్ కింగ్ ఉద్యమానికి పాడాడు.

డాకరీకి ఉత్తరాన పార్చ్‌మన్. రాష్ట్రం 1901లో కొన్న భూమిలో లేచిన జైలు. చారల బట్టలు వేసుకున్న ఖైదీలు పత్తి తీసేవారు, తుపాకులు పట్టుకుని కాపలా కాసేవాళ్ళు కూడా ఖైదీలే. బుకా వైట్ ఇక్కడ శిక్ష అనుభవించి 1940లో ‘పార్చ్‌మన్ ఫార్మ్ బ్లూస్’ రికార్డు చేశాడు. సన్ హౌస్ కూడా ఇక్కడి ఖైదీయే. 1961లో బస్సుల్లో వర్ణ విభజనను ధిక్కరించిన ఫ్రీడమ్ రైడర్లను వందల సంఖ్యలో తెచ్చి పెట్టింది ఈ జైల్లోనే. ఖైదీల చేతికి తుపాకులిచ్చే పద్ధతిని ఫెడరల్ కోర్టు 1972లో తప్పుపట్టింది.

కౌంటీ కేంద్రం ఇండియానోలా. వీధి మూలల్లో నిలబడి గిటారు వాయిస్తూ బి.బి. కింగ్ చిల్లర సంపాదించుకున్న ఊరు. పాఠశాలల్లో వర్ణ విభజన చెల్లదన్న 1954 సుప్రీంకోర్టు తీర్పు తరువాత రెండు నెలలకు, ఆ తీర్పును అడ్డుకోవడానికి తొలి సిటిజన్స్ కౌన్సిల్ పుట్టింది కూడా ఈ ఊళ్ళోనే. 1956 నుంచి 1978 దాకా సెనెట్ న్యాయవ్యవహారాల కమిటీ పెద్దగా కూర్చుని పౌరహక్కుల బిల్లులకు అడ్డుపడిన జేమ్స్ ఈస్ట్‌లండ్ ఈ కౌంటీ పత్తి భూస్వామి. 1955 ఆగస్టులో షికాగో నుంచి బంధువుల ఇంటికొచ్చిన పద్నాలుగేళ్ళ ఎమెట్ టిల్‌ను హింసించిన కొట్టం ఈ కౌంటీలో, డ్రూ అనే ఊరికి దగ్గర్లో ఉంది. 1962లో ఓటు నమోదుకు ఇండియానోలా కోర్టుకు వెళ్ళినందుకు ఫానీ లూ హేమర్ పద్దెనిమిదేళ్ళుగా పని చేస్తున్న ప్లాంటేషన్ నుంచి గెంటివేతకు గురైంది, అదీ ఈ కౌంటీలోనే. ఇన్ని విషయాలు ఒక్కచోట కుప్పపడటం కాకతాళీయం కాదు. పత్తికి లక్షల చేతులు కావాలి. ఆ చేతులను పొలం దాటి పోనివ్వకుండా పట్టి ఉంచే ఏర్పాట్లు కావాలి. పాట పుట్టింది ఆ చేతుల మధ్యే.

ఎన్నికల పాట, రికార్డు పాట

బ్లూస్‌ను అచ్చువేసి దేశమంతా తిప్పిన వాద్యబృంద నాయకుడు డబ్ల్యు.సి. హ్యాండీ. 1903 ప్రాంతంలో టట్‌వైలర్ రైల్వే స్టేషన్‌లో రైలు కోసం కాచుకుని ఉండగా, చిరుగుల బట్టల మనిషి ఒకడు గిటారు తీగల మీద కత్తి ఆనించి వాయించడం విన్నానని రాసుకున్నాడు. అతని ‘మెంఫిస్ బ్లూస్’కు ముందున్న అవతారం ఒక ఎన్నికల పాట. 1909లో మెంఫిస్ మేయరు పదవికి నిలబడిన ఎడ్వర్డ్ క్రంప్ పేరుతో కట్టినది. ఊరిని బాగుచేస్తానని క్రంప్ చెబుతుంటే, బీల్ స్ట్రీట్ జనం ఆ మాటను ఎగతాళి చేస్తూ పాడుకున్నారు. మిసిసిపీలో నల్లవారి ఓటును తుడిచేస్తే, పక్క రాష్ట్రపు మెంఫిస్‌లో క్రంప్ ముఠా దాన్ని కూడగట్టి వాడుకుంది. 1912లో ఆ బాణీ అచ్చయింది. హ్యాండీ దాని హక్కులను కొద్ది డాలర్లకు వదులుకున్నాడు. బ్లూస్‌లో హక్కుల మోసం మొదటి ప్రచురణలతోనే మొదలైందన్నమాట.

1920 ఆగస్టులో ఓకే కంపెనీకి మేమీ స్మిత్ పాడిన ‘క్రేజీ బ్లూస్’ అనూహ్యంగా అమ్ముడుపోయింది. నల్లవారు కూడా రికార్డులు కొంటారని అప్పుడు కంపెనీలకు తెలిసివచ్చింది. వాటిని ‘రేస్ రికార్డులు’ అని వేరే జాబితాలో అమ్మారు. సరుకుకూ వర్ణ విభజనే. రైళ్ళలో పనిచేసే పుల్‌మన్ పోర్టర్లు ఈ రికార్డులనూ, షికాగో డిఫెండర్ పత్రికనూ పల్లెలకు మోసుకుపోయారు.

బ్లూస్ అనగానే చెట్టు కింద గిటారు పట్టుకున్న ఒంటరి మగవాడు కళ్ళ ముందుకొస్తాడు. ఆ బొమ్మ తరువాతి అభిమానులు గీసుకున్నది. 1920ల మార్కెట్టును ఏలింది ఆడవాళ్ళు. మా రెయినీ, బెస్సీ స్మిత్ సొంత బృందాలతో డేరాల్లో, నాటకశాలల్లో పాడారు. ఇంటి హింస, ప్రయాణం, ఆడవాళ్ళ మధ్య ప్రేమ, జైలు, దరిద్రం, ఏదీ దాచలేదు. బెస్సీ 1928లో రాసి పాడిన ‘పూర్ మ్యాన్స్ బ్లూస్’ ధనవంతుణ్ణి నేరుగా నిలదీస్తుంది; ప్రపంచ యుద్ధంలో పోరాడింది పేదవాడేనని గుర్తుచేస్తుంది. నల్లవారిలో చదువుకున్న వర్గానికి ఈ మోటుతనం రుచించలేదు. నల్లవారి యాజమాన్యంలో నడిచిన బ్లాక్ స్వాన్ రికార్డుల కంపెనీ బెస్సీ గొంతు మరీ నాటుగా ఉందని తిప్పి పంపింది. 1926లో తన కవితా సంపుటికి ‘ద వియరీ బ్లూస్’ అని పేరు పెట్టిన లాంగ్‌స్టన్ హ్యూస్ ఆ సిగ్గును బాహాటంగా తప్పుపట్టాడు.

1937లో క్లార్క్స్‌డేల్ దగ్గర కారు ప్రమాదంలో బెస్సీ చనిపోయింది. తెల్లవారి ఆసుపత్రి చేర్చుకోకపోవడం వల్లే పోయిందన్న కథ దశాబ్దాల పాటు నడిచింది. ఎడ్వర్డ్ ఆల్బీ దాని మీద నాటకం కూడా రాశాడు. నిజానికి ఆమెను నేరుగా నల్లవారి ఆసుపత్రికే తీసుకుపోయారు. ఆ రోజుల్లో తెల్లవారి ఆసుపత్రి ఊసు ఎవరికీ తట్టదు కూడా. కట్టుకథ కన్నా ఈ నిజమే ఎక్కువ చేదు.

కరకట్ట తెగిన ఏడు

1927 ఏప్రిల్‌లో గ్రీన్‌విల్ ఎగువన మిసిసిపీ కరకట్ట తెగింది. తెల్లవారిని పడవల్లో తరలించారు. నల్లవారిని వేల సంఖ్యలో కట్ట మీదే ఆపారు. కూలీలు ఒకసారి పోతే తిరిగి రారని తోటల యజమానుల భయం. సైనికుల కాపలాలో, మెడలో బిళ్ళలతో, సాయపు సరుకులు మోస్తూ కట్ట మీద బతికారు. సహాయ కార్యక్రమాలను నడిపిన వాణిజ్యమంత్రి హెర్బర్ట్ హూవర్ ఆ పేరుతోనే మరుసటి ఏడాది అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. శిబిరాల సంగతి మాత్రం నల్లవారికి గుర్తుండిపోయింది. రిపబ్లికన్ పార్టీ అంటే లింకన్ పార్టీ అన్న పాత అభిమానం సడలడానికి ఇదీ ఒక కారణం.

ఈ వరదకు ప్రభుత్వ నివేదికలున్నాయి, పాటలూ ఉన్నాయి. 1929లో ప్యాటన్ రెండు భాగాలుగా రికార్డు చేసిన ‘హై వాటర్ ఎవ్రీవేర్’ మునిగిన ఊళ్ళను వరసగా పేర్లతో చదువుతుంది. ఎత్తు ప్రాంతానికి పోదామంటే దారి కట్టేశారని ఫిర్యాదు చేస్తుంది. నివేదికలు దాటేసిన వాక్యం అది. అదే ఏడాది కాన్సస్ జో మెకాయ్, మెంఫిస్ మిన్నీ ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ పాడారు. బెస్సీ ‘బ్యాక్‌వాటర్ బ్లూస్’ను కూడా ఈ వరద పాటగానే చెబుతుంటారు గానీ, దాని రికార్డింగ్ కట్ట తెగడానికి రెండు నెలల ముందే, 1927 ఫిబ్రవరిలో జరిగింది. జనం దాన్ని తమ వరదకు అన్వయించుకున్నారు.

పరిశోధకులు, కమ్యూనిస్టులు, విచారణ నీడ

1933లో జాన్ లోమాక్స్, ఆయన కొడుకు ఆలన్ లూసియానాలోని అంగోలా జైల్లో లెడ్ బెల్లీని కనుగొన్నారు. తరువాత అతను వాళ్ళతో ఉత్తరాదికి వచ్చాడు. చారల బట్టలతో వేదికెక్కించిన సందర్భాలున్నాయి, డబ్బు లెక్కల్లో తగువులూ వచ్చాయి. 1937లో వాషింగ్టన్‌లో తెల్లవారూ నల్లవారూ కలిసి బస చేయడానికి చోటు దొరక్క పడిన అవమానం ‘బూర్జువా బ్లూస్’ అయింది. దేశ రాజధానిని పేరు పెట్టి తిట్టిన పాట అది.

1938 డిసెంబరులో కార్నెగీ హాల్లో జరిగిన ‘ఫ్రమ్ స్పిరిచువల్స్ టు స్వింగ్’ కచేరీకి డబ్బు పెట్టింది కమ్యూనిస్టు పత్రిక న్యూ మాసెస్. నిర్వాహకుడు జాన్ హామండ్ పిలవాలనుకున్న రాబర్ట్ జాన్సన్ అప్పటికి నాలుగు నెలల కిందటే చనిపోయాడు. ఆ చోటులో బ్రూన్‌జీ పాడాడు. ఏళ్ళ తరబడి షికాగోలో స్టూడియో కళాకారుడిగా బతుకుతున్న అతన్ని అర్కన్సా కౌలురైతుగా ప్రకటించారు. ప్రజాకళ మీద ప్రేమలో కూడా ఇలాంటి వేషాలుంటాయి. యుద్ధం తరువాత గాలి మళ్ళింది. వర్ణవివక్ష మీద పాటలు పాడి, రూజ్‌వెల్ట్ ఎదుట వైట్‌హౌస్‌లో వినిపించిన జాష్ వైట్ 1950లో అమెరికా వ్యతిరేక కార్యకలాపాల కమిటీ ముందు నిలబడి సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది.

షికాగో

1916, 1970 మధ్య సుమారు 60 లక్షల నల్లవారు దక్షిణాది విడిచిపోయారు. పత్తిని తినే ముక్కుపురుగు, ఉత్తరాది కర్మాగారాల కూలి, ఉరితీసే మూకల భయం అన్నీ కలిసి తరిమాయి. 1941లో స్టోవాల్ ప్లాంటేషన్ మీద ఆలన్ లోమాక్స్, నల్లజాతి సంగీత పండితుడు జాన్ వర్క్ కలిసి ఒక ట్రాక్టరు డ్రైవరు పాట రికార్డు చేశారు. అతని పేరు మడ్డీ వాటర్స్. రెండేళ్ళ తరువాత గంటకు 22.5 సెంట్ల కూలిని 25 సెంట్లు చేయమని అడిగాడు, కుదరదన్నారు, షికాగో రైలెక్కాడు. 1944లో క్లార్క్స్‌డేల్ దగ్గర హాప్సన్ ప్లాంటేషన్ మీద పత్తి తీసే యంత్రాలను జనానికి చూపించారు. డెల్టాకు ఆ చేతుల అవసరం తీరిపోయింది.

నగరపు సందడిలో మామూలు గిటారు వినబడదు, కాబట్టి కరెంటు గిటారు వచ్చింది. పోలండ్ నుంచి వలస వచ్చిన యూదు సోదరులు నడిపిన చెస్ కంపెనీ ఆ మోతను అమ్మింది.

రాజకీయ పాటకు అక్కడా తలుపులు బార్లా తెరుచుకోలేదు. 1954లో జె.బి. లెనోర్ ‘ఐజన్‌హోవర్ బ్లూస్’ పాడితే, అధ్యక్షుడి పేరు తీసేసి ‘ట్యాక్స్ పేయింగ్ బ్లూస్’గా మళ్ళీ పాడించారు. ఉద్యోగాల్లో రంగు చూసే తీరు మీద బ్రూన్‌జీ కట్టిన ‘బ్లాక్, బ్రౌన్ అండ్ వైట్’ను అమెరికా కంపెనీలు ముట్టుకోలేదు. దాన్ని అతను 1951లో పారిస్‌లో రికార్డు చేసుకున్నాడు. అలబామా మీదా వియత్నాం మీదా లెనోర్ పాడిన పాటలు కూడా 1960ల్లో యూరపు శ్రోతల కోసమే రికార్డయ్యాయి.

ఉద్యమ కాలం

పౌరహక్కుల ఊరేగింపుల్లో బ్లూస్ పెద్దగా వినబడలేదు. ఉద్యమం చర్చిలోంచి నడిచింది, చర్చికి బ్లూస్ దెయ్యం పాట. నల్లజాతి యువకులు దాన్ని తాతల కాలపు బానిస వాసనగా చూసి సోల్ వైపు మళ్ళారు. అదే సమయంలో తెల్ల విద్యార్థులు పాత రికార్డుల వెంట పడ్డారు. 1964 జూన్‌లో స్కిప్ జేమ్స్‌నూ సన్ హౌస్‌నూ వెతుక్కుంటూ వాళ్ళు మిసిసిపీ దారులు పట్టిన రోజుల్లోనే, ఓటు నమోదు పనిలో ఉన్న ముగ్గురు యువకులను ఆ రాష్ట్రంలో చంపి మట్టికట్ట కింద పూడ్చేశారు. ఎంతో దూరం తిరిగితే, సన్ హౌస్ కనబడింది న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో. ఆ ఏడాదే బెర్లిన్ జాజ్ ఉత్సవం కోసం రాసిన చిన్న వ్యాసంలో మార్టిన్ లూథర్ కింగ్ బ్లూస్‌కు గౌరవస్థానమిచ్చాడు.

ఇంగ్లండు కుర్రాళ్ళు బ్లూస్ పట్టుకున్నాక డబ్బు వేరే దారిన పోయింది. రోలింగ్ స్టోన్స్ పేరు మడ్డీ వాటర్స్ పాటలోంచి వచ్చింది. తన పాటను వాడుకున్నందుకు విల్లీ డిక్సన్ 1985లో లెడ్ జెప్లిన్ మీద దావా వేశాడు. రెండేళ్ళకు రాజీ కుదిరింది.

బ్లూస్‌లో నిరసన ఉందా లేదా అన్నది పండితుల మధ్య పాత తగువు. ప్రత్యక్ష నినాదాలు తక్కువ కాబట్టి లేదన్నవారున్నారు. నల్లవారి సంగీతంలో మార్పును బట్టి అమెరికాలో వాళ్ళ స్థితి మారిన చరిత్రనే రాయవచ్చని అమీరి బరాకా 1963లో, అప్పటికి లెరోయ్ జోన్స్ పేరుతో, ‘బ్లూస్ పీపుల్’లో వాదించాడు. సమాజశాస్త్రం బరువుకు బ్లూస్‌కే దిగులు పుడుతుందన్నట్టు రాల్ఫ్ ఎలిసన్ ఆ పుస్తకాన్ని ఎకసెక్కం చేశాడు. పాటకు కళగా ఉన్న స్వేచ్ఛను ఎలిసన్ సరిగా పట్టాడు. అయినా పేర్లు దాచుకున్న ఆ ముగ్గురు గాయకుల రికార్డు విన్నాక బరాకా వైపు మొగ్గక తప్పదు. నినాదం లేకపోవడానికి కారణం సంతృప్తి కాదని అందులో గాయకులే చెబుతారు.

అధికారం తరువాత బ్లూస్‌ను ఆదరించింది. నల్ల నేరస్థుడి బొమ్మ చూపి భయపెట్టిన 1988 నాటి జార్జ్ బుష్ ఎన్నికల ప్రచారానికి సూత్రధారి లీ ఆట్‌వాటర్ స్వయంగా బ్లూస్ గిటారు వాద్యకారుడు. మరుసటి ఏడాది బుష్ ప్రమాణ స్వీకారానికి బ్లూస్ కళాకారులతో కచేరీ పెట్టించాడు, ఆపై బి.బి. కింగ్‌తో కలిసి ఆల్బం చేశాడు. హ్యాండీ టట్‌వైలర్ జ్ఞాపకానికి నూరేళ్ళని సెనెట్ 2003ను బ్లూస్ సంవత్సరంగా ప్రకటించింది. 2012 ఫిబ్రవరిలో వైట్‌హౌస్ కచేరీలో బి.బి. కింగ్, బడ్డీ గై పక్కన బరాక్ ఒబామా ‘స్వీట్ హోమ్ షికాగో’ నుంచి రెండు ముక్కలు పాడాడు.

బ్లూస్ చోటులను గుర్తిస్తూ మిసిసిపీ రాష్ట్రం 2006 డిసెంబరు నుంచి నీలి ఫలకాలు నాటుతోంది. మొదటిది సన్‌ఫ్లవర్ కౌంటీలోని హాలీ రిడ్జ్‌లో, చార్లీ ప్యాటన్ సమాధి దగ్గర ఉంది. బానిసత్వం కోసం పోరాడిన కాన్ఫెడరేట్ సైన్యపు గుర్తు ఆ రాష్ట్ర జెండా మీద దాదాపు మరో పద్నాలుగేళ్ళు ఎగిరి, 2020 జూన్‌లో దిగింది.